మంత్రిగారికి అందించిన మాట

జూన్ 3

ఇవాళ ఉదయం గురువుగారు మా అందరినీ స్టేజి మీద కూర్చోబెట్టి ఉత్తరం చదివారు. ఆయన ఏది చదివినా మాకు నాటకంలాగే వినిపిస్తుంది కాబట్టి మొదటి పేరా అయ్యేదాకా ఎవరికీ భయం వేయలేదు. అసలు సంగతంతా రెండో పేరాలో ఉంది. కళలకిచ్చే సాయాన్ని ప్రభుత్వం "పునఃసమీక్ష" చేస్తోందట. మా నాటకశాలని సమావేశాల భవనంగా మార్చాలని ఒక ప్రతిపాదన ఉందట. బృందంలో ఉన్న పదకొండు మందినీ ఇతర శాఖల్లో "తగిన విధంగా సర్దుబాటు" చేస్తారట.

"నన్ను ఏ వీధి దీపం కింద సర్దుబాటు చేస్తారండీ?" అన్నాడు లైట్ల అతను. అందరం నవ్వాం. నవ్వడం అయిపోయాక కూడా ఎవరూ లేవలేదు.

ఈ నెల ఇరవై ఎనిమిదిన నాటకశాలకి యాభై ఏళ్లు నిండుతాయి. ఆ సభకి మంత్రిగారు వస్తారు. తర్వాత పది రోజులకి మంత్రివర్గంలో మా సంగతి తేలుస్తారు.

డైరీ రాయడం ఎప్పుడో మానేశాను. మళ్లీ ఎందుకు మొదలుపెట్టానంటే, ఇంట్లో అక్కయ్యతో చెప్పుకోలేను. ఆవిడ ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన టీచరు. ఏం చెప్పినా ఋజువు అడుగుతుంది. దిగులుకి ఋజువు ఎక్కడి నుంచి తేను?

జూన్ 4

మంత్రిగారంటే ఎవరో కాదు, మా బల్లెం.

ఇరవై ఏడేళ్ల కిందట మా బృందంలో చేరినప్పుడు అతనికి పంతొమ్మిదేళ్లు. రాజుగారి వెనక బల్లెం పట్టుకుని నిలబడే బంటు వేషం ఇచ్చారు. పేరు అలా స్థిరపడిపోయింది. నాటకం మొత్తానికి అతనికి రెండే వాక్యాలు. "ప్రభూ, శత్రువులు వాగు దాటారు" అన్నది ఒకటి. రెండోది "ప్రభూ, ఆజ్ఞ." రెండూ మరిచిపోయేవాడు. నేను ఎడమ వింగులో, పక్కతెర చాటున, స్టూలు మీద కూర్చుని "ప్రభూ" అని అందిస్తే చాలు, మిగతాది తన్నుకుంటూ వచ్చేది. మొదటి ఏడాది అయ్యేసరికి ఎంత అలవాటు పడ్డాడంటే, నోరు తెరిచే ముందు చెవి నా వైపు తిప్పేవాడు. నేను ఏమంటే అది అనేసేవాడు. ఒకసారి పరీక్షించాలని "ప్రభూ, టీ చల్లారిపోతోంది" అని అందించాను. రిహార్సల్ కాబట్టి సరిపోయింది. శుభ్రంగా అదే అన్నాడు, ఆవేశంతో కూడా. గురువుగారు మూడు రోజులు నా మొహం చూడలేదు.

రెండేళ్లున్నాడు. తర్వాత కాలేజీ సంఘం, ధర్నాలు, ఎన్నికలు. వెళ్లేటప్పుడు నా దగ్గరికొచ్చి, "అక్కా, బయట నాకు మాటలెవరు అందిస్తారు?" అన్నాడు. "బయట అందరూ అరుస్తారు, నీకు వినపడుతుందిలే" అన్నాను. అప్పుడు సరదాగానే అన్నాను.

ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాటకశాలకి రాలేదు. కోపం లేదు. ఎందుకుంటుంది.

జూన్ 7

నేనసలు కథానాయిక వేషానికి వచ్చినదాన్ని. ఈ ముక్క రాసుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. గురువుగారు నన్ను స్టేజి మీద నిలబెట్టి, వెళ్లి ఆఖరి వరుసలో కూర్చున్నారు. నేను ఒక పేజీన్నర సంభాషణ ప్రాణం పెట్టి చెప్పాను. ఆయన, "ఊఁ, ఇక మొదలుపెట్టమ్మాయ్" అన్నారు. అప్పటికి నేను ముగించి రెండు నిమిషాలయింది.

"నీ గొంతు మూడు గజాలు దాటదు. అలాంటి గొంతు కోసం పదేళ్లుగా వెతుకుతున్నాను" అని నాకు స్టూలు చూపించారు. ఆ రోజు ఇంటికెళ్లి ఏడ్చాను. మర్నాడు పదింటికి వచ్చి దాని మీద కూర్చున్నాను. ముప్ఫై మూడేళ్లయింది. బృందంలో అందరికీ నేను గుసగుసక్కని. పోస్టుమాన్ కూడా ఆ పేరుతోనే ఉత్తరాలిస్తాడు.

ఎందుకో రెండు రోజుల నుంచి పాత మునిసిపల్ ఛైర్మన్ గారే గుర్తొస్తున్నారు. ఈ నాటకశాల కట్టించింది ఆయన. నేను చేరేనాటికే బాగా పెద్దవారు. ప్రతి కొత్త నాటకానికీ చెప్పకుండా వచ్చి మూడో వరుసలో కూర్చునేవారు. మొదటి రంగం సగంలో నిద్రపోయేవారు. చివరి రంగంలో ఎలా తెలిసేదో, లేచి అందరికంటే ముందు చప్పట్లు కొట్టేవారు. ఒకసారి ఎవరో అధికారి, "మీరు చూడని నాటకాలకి ఇంత సాయం ఎందుకండీ?" అని అడిగాడట. "నేను నిద్రపోతున్నా పక్కవాళ్లు నవ్వడం, ఏడవడం వినపడుతూనే ఉంటుందయ్యా. ఊళ్లో నాకు ఇంకెక్కడా ఆ ధైర్యం రాదు" అన్నారట. ఆయన పోయినప్పుడు మేం ఒక ఆట రద్దు చేసుకుని శ్మశానానికి వెళ్లాం. ఇప్పుడు మా కోసం ఎవరు ఏం రద్దు చేసుకుంటారో చూడాలి.

ఆ రోజుల్లో లారీ ఉండేది. సామాన్లు కింద, మనుషులం పైన. ఊరూరూ తిరిగేవాళ్లం. సింహాసనం మీద కూర్చునే వంతు కోసం లారీలో పోట్లాటలు జరిగేవి. దర్జీ వదిన మాత్రం తన కుట్టు మిషను పక్కనుంచి కదిలేది కాదు. నాకు ఆ ఎండ, ఆ దుమ్ము, ఆ పాటలు అన్నీ కావాలి. అన్నీ మళ్లీ కావాలి.

జూన్ 10

మంత్రిగారి ఆఫీసు నుంచి ఫోను. సభలో ఆయన చదవాల్సిన ఉపన్యాసం మేమే రాసి పంపాలట. సభ పెట్టినవాళ్లే రాసి పంపడం మామూలేనట. మమ్మల్ని పొగిడే మాటలు మేమే రాసుకోవాలన్నమాట. గురువుగారు కాగితాలు నా ముందు పెట్టి, "నీ చేతిరాత బాగుంటుంది" అన్నారు. నా బుర్ర బాగుంటుందని ఆయన ముప్ఫై మూడేళ్లలో ఒక్కసారి కూడా అనలేదు.

మధ్యాహ్నం గ్రీన్‌రూములో కూర్చుని నాలుగు పేజీలు రాశాను. మూడు పేజీల్లో అందరూ రాసేదే రాశాను. నాలుగో పేజీలో ఇలా రాశాను:

ఈ నాటకశాల ఉంటుంది. ఈ బృందం ఉంటుంది. ఇది నేనిస్తున్న మాట.

గురువుగారు చదివి కళ్లజోడు తీశారు. "ఒప్పుకుంటారా?" అన్నారు. "రాసి పంపమన్నది వాళ్లే కదండీ" అన్నాను.

జూన్ 13

పీఏగారు ఫోన్ చేశారు. చాలా మర్యాదస్తుడు. "అమ్మా, ఎంత బాగా రాశారో. ఆఫీసులో అందరం చదువుకున్నాం. ఆ మూడు వాక్యాలు మాత్రం వద్దన్నారు."

"ఎవరు?"

"పైనుంచి."

సాయంత్రానికి కాగితాలు తిరిగొచ్చాయి. ఆ మూడు వాక్యాల మీదా ఎర్రగీత ఉంది, స్కేలు పెట్టి గీసినట్టు. వాటి స్థానంలో ఈ వాక్యం: "నాటకశాల భవిష్యత్తుపై సముచిత సమయంలో సముచిత నిర్ణయం తీసుకోబడుతుంది." దాన్ని నోటితో అనడానికి మా పెద్ద నటుడు బతికుంటే ఎంత కష్టపడేవాడో.

పెద్ద పెద్ద అక్షరాలతో సాఫు ప్రతి రాసి పంపమన్నారు. మంత్రిగారు సభల్లో కళ్లజోడు పెట్టుకోరట.

జూన్ 14

సాఫు ప్రతి రాశాను. చేతిరాత చాలా బాగా వచ్చింది. అదే బాధగా ఉంది.

జూన్ 18

యాభై ఏళ్ల సభకి ఒక చిన్న నాటిక వేస్తున్నాం. రిహార్సల్‌లో కొత్తమ్మాయి మాట మధ్యలో ఆగింది. నేను అందించలేదు. రెండు క్షణాల తర్వాత తనే అంది. విరామంలో వచ్చి, "నేను మరిచిపోలేదని మీకెలా తెలిసిందక్కా?" అని అడిగింది.

కాళ్లు చూడాలని చెప్పాను. కావాలని ఆగినవాళ్ల కాళ్లు కదలవు. మరిచిపోయినవాళ్ల కాళ్లు కదులుతాయి, ముందుకో పక్కకో ఒక్క బెత్తెడైనా. మొహం అబద్ధం చెబుతుంది, చేతులు చెబుతాయి, కాళ్లు చెప్పవు. మరిచినవాళ్లకి అందించకపోతే వాళ్ల పరువు పోతుంది. ఆగినవాళ్లకి అందిస్తే వాళ్ల నటన పోతుంది. నా ఉద్యోగం మొత్తం ఇంతే.

ఇది నేను ఊరికే నేర్చుకోలేదు. చేరిన రెండో ఏడాది మా పెద్ద నటుడు ఒక నాటకంలో కొడుకు శవం ముందు నిలబడి ఆగాడు. నేను కంగారుపడి మాట అందించాను. హాల్లో ముందు వరుసకి వినపడింది. నాటకం అయ్యాక నన్ను పిలిచి కోప్పడలేదు. "నా మౌనం తినేశావమ్మా" అన్నాడు, అంతే. మూడు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఒక్కరి ఆగుడులోనూ నేను నోరు పెట్టలేదు. ఎవరినైనా అడగొచ్చు.

జూన్ 24

ఇద్దరు ఇంజనీర్లు టేపు తీసుకుని వచ్చారు. సభకి నాలుగు రోజులుంది, నిర్ణయానికి రెండు వారాలు. "ముందుగా ఒక అంచనా" అన్నారు. ఒకతను స్టేజి ఈ చివర నిలబడితే, ఇంకొకతను ఆ చివరిదాకా టేపు లాక్కుంటూ పోయాడు. పాపం, చెప్పులు విప్పి ఎక్కాడు.

"ఈ స్టేజి తీసేస్తే ఇంకో రెండొందల కుర్చీలు పడతాయండీ" అన్నాడు. శుభవార్త చెప్పినట్టు అన్నాడు. దర్జీ వదిన అతని వైపు తిరిగి, "ఆ రెండొందల మందీ కూర్చుని ఏం చూస్తారు నాయనా?" అని అడిగింది. అతను నిజంగానే ఆలోచించాడు. "స్క్రీన్ ఉంటుందండీ" అన్నాడు.

వాళ్లకి టీ ఇచ్చి పంపాం. వదిన సాయంత్రం దాకా బట్టల గదిలో పాత దుస్తులు విప్పి దులిపి మళ్లీ మడతపెడుతూనే ఉంది. ప్రతి చొక్కా లోపలా కాలరు దగ్గర, వేసుకున్నవాళ్ల పేర్లు దారంతో కుట్టి ఉంటాయి. ఒక్కో చొక్కాకి ఐదేసి, ఆరేసి పేర్లు. కొందరు సీరియళ్లకి వెళ్లిపోయారు, కొందరు పోయారు. వదిన ఒక్కొక్కటీ చదివి, వాళ్లు ఎంత లావయ్యారో చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. కాసేపటికి ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

జూన్ 27

స్టేజి సిద్ధమైంది. మంత్రిగారి మైకు ఎడమ వింగుకి రెండు గజాల దూరంలో పెట్టారు. అలా పెట్టింది లైట్ల అతను, నేను కాదు. మధ్యలో ఉంటే మంత్రిగారి మొహం మీద నీడ పడుతోంది, వెలుగు సరిపోతుందో లేదో చూడమన్నానంతే.

నన్ను ముందు వరుసలో కూర్చోమన్నారు గురువుగారు. కొత్తచీర కట్టుకుని రమ్మన్నారు. నాటిక ఉంది కదా, నా స్టూలు మీదే ఉంటానన్నాను. నాటిక ఉపన్యాసం తర్వాతే. అయినా ముందు నుంచీ కూర్చుంటేనే నాకు గొంతు కుదురుకుంటుంది.

జూన్ 28

అయిపోయింది. రేపు రాస్తాను.

జూన్ 29

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

బల్లెం లావెక్కాడు. జుట్టు పలచబడింది. స్టేజి ఎక్కుతూ ఎడమ వింగు వైపు చూశాడు. చీకట్లో నేను కనపడ్డానో లేదో. మూడు పేజీలు చక్కగా చదివాడు. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ పెంచాలో ఇక్కడ నేర్చుకున్నదే, ఏదీ పోలేదు. నాకు గర్వంగా కూడా అనిపించింది. నాలుగో పేజీ తిప్పాడు. "ఈ నాటకశాల భవిష్యత్తు గురించి మీరందరూ ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు" అన్నాడు. అక్కడ ఆగాడు.

కాగితం మీంచి తలెత్తి హాలు వైపు చూశాడు. హాలు నిండా జనం. ఎవరూ దగ్గలేదు. ఎంతసేపో. మరిచిపోయాడనుకున్నాను. కళ్లజోడు లేదు, అక్షరం ఆనలేదేమో అనుకున్నాను. ముప్ఫై మూడేళ్ల అలవాటు. ఆలోచించి చేసింది కాదు.

"ఈ నాటకశాల" అని అందించాను.

అతని తల అర అంగుళం నా వైపు తిరిగింది. "ఈ నాటకశాల ఉంటుంది" అన్నాడు, ఖంగుమని.

ఆ తర్వాత నేను ఊరుకోవాల్సింది. "ఈ బృందం" అని అందించాను. "ఈ బృందం ఉంటుంది" అన్నాడు. మూడోది కూడా అందించాను. "ఇది నేనిస్తున్న మాట" అన్నాడు. హాలంతా లేచి నిలబడింది. చప్పట్ల మధ్య పీఏగారు చేతిలో ప్రతి తిరగేస్తూ కనపడ్డారు. పాపం, ఆ వాక్యాల కోసం వెతికి వెతికి, చివరికి నా స్టూలు వైపు చూశారు.

అతను మరిచిపోయాడు, నేను అందించాను. నా పని అదే కదా.

జూన్ 30

పేపర్లలో మొదటి పేజీ. గురువుగారు పదకొండు ప్రతులు కొన్నారు. అక్కయ్య చదివి, కళ్లజోడు పైకి నెట్టుకుని నన్ను చూసింది.

"పొరపాటున అందించావా?"

"పొరపాటే."

"మూడు వాక్యాలూనా?"

వంటింట్లోకి వెళ్లిపోయాను.

జూలై 2

పీఏగారు స్వయంగా వచ్చారు. మనిషి బాగా నలిగిపోయాడు. సమావేశాల భవనం సంగతి ఇప్పటికే ఎవరికో మాట ఇచ్చేశారట, పైవాళ్లు మంత్రిగారి మీద మండిపడుతున్నారట. "మాట వెనక్కి తీసుకుంటే పరువు పోతుంది. తీసుకోకపోతే పదవి పోతుంది. మధ్యేమార్గం ఒకటుందమ్మా" అన్నారు. నేనొక కాగితం రాసివ్వాలి. ఉపన్యాసంలో లేని మాటలు నేను అలవాటు కొద్దీ పక్క నుంచి అందించానని, మంత్రిగారు అవి కాగితంలో ఉన్నవే అనుకుని అన్నారని. "మీ ఉద్యోగానికి ఏమీ కాదు, నాదీ పూచీ" అన్నారు.

ఉద్యోగమా. ఆ కాగితం ఇస్తే నాటకశాలే ఉండదు.

ఆయన వెళ్లాక గురువుగారు నా స్టూలు మీద కూర్చున్నారు. ఎప్పుడూ కూర్చోరు. "అమ్మాయ్, నువ్వేమీ అందించలేదు. నాకేమీ వినపడలేదు. ఎవరికీ వినపడలేదు. నీ గొంతు మూడు గజాలు దాటదు" అన్నారు. ఎనభై ఏళ్ల మనిషి. అబద్ధం చెప్పడం కూడా రాదాయనకి.

జూలై 3

రెండుసార్లు మొదలుపెట్టాను. చించేశాను.

జూలై 4

ఇక్కడైనా నిజం రాయాలి. దీన్ని ఎవరూ చదవరు.

అతని కాళ్లు కదల్లేదు.

నేను చూశాను. అతను ఆగగానే నా కళ్లు వాటంతట అవే కాళ్ల మీదికి వెళ్లాయి, ఎప్పుడూ వెళ్లేట్టే. నల్లబూట్లు, పక్కపక్కన, నాటినట్టు ఉన్నాయి. ఆగాడని నాకు తెలుసు. ఆగినవాడికి మాట అందించాను. వెలుగు గురించి అడిగినప్పుడే మైకు ఎటు జరుగుతుందో నాకు తెలుసు. మన ఇల్లు పోతుందంటే మనిషి ఏదైనా చేస్తాడని నన్ను నేను సమర్థించుకోవచ్చు. కానీ పెద్ద నటుడికి నేనిచ్చిన మాట ఒకటుంది. పైకి ఇవ్వలేదు, అయినా ఇచ్చాను.

కాగితం రాశాను. మంత్రిగారు మరిచిపోలేదు, ఆగారు. ఆ ఆగుడులో మూడు వాక్యాలూ నేనే అందించాను, తెలిసే అందించాను. సంతకం పెట్టాను. దీన్ని పీఏగారికి ఇవ్వను. నేను ఎవరి మౌనం తిన్నానో అతని చేతికే ఇస్తాను. ఏం చేసుకుంటాడో అతనిష్టం.

గురువుగారికి చెప్పాను. "నాటకశాల పోతుందమ్మాయ్" అన్నారు.

"పోతే నా వల్ల పోయిందనుకోండి."

"నీ వల్లే ఇన్నాళ్లూ ఉంది" అని వెళ్లిపోయారు. నన్ను పొగిడే రోజు ఇదే దొరికింది ఆయనకి.

జూలై 6

నిన్న ఫోన్ చేసి సమయం అడిగాను. రమ్మంటారనుకుంటే, ఇవాళ పొద్దున్నే అతనే వచ్చాడు. కారు దూరంగా ఆపించి ఒక్కడే లోపలికొచ్చాడు. హాలు ఖాళీ. ఊడ్చే ఆవిడ కుర్చీల మధ్య ఊడుస్తోంది. మంత్రని గుర్తుపట్టక, "కాళ్లు తియ్యి బాబూ" అంది. తీశాడు.

స్టేజి అంచు మీద ఇద్దరం కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చున్నాం. "సార్" అన్నాను. "బల్లెం అనండక్కా, చచ్చిపోయేలా ఉన్నాను" అన్నాడు.

కాగితం ఇచ్చాను. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. మెల్లగా చదివాడు. రెండోసారి చదివాడు.

"ఇది పీఏకి ఇచ్చుంటే నేను గట్టెక్కేవాణ్ణి" అన్నాడు.

"ఇప్పుడు నీ చేతిలోనే ఉందిగా. ఇచ్చుకో."

"ఇందులో తప్పుంది."

"ఏం లేదు. నీ కాళ్లు నేను చూశాను. నువ్వు ఆగావు. నేను పాపం చేశాను బల్లెం, నన్ను క్షమించు."

"ఆగింది నిజమే. ఆ సముచిత నిర్ణయం అనే ముక్క అనబుద్ధి కాక ఆగాను. నోరు రాలేదు. మొదటిది మీరు అందించారు. చెవిన పడగానే నోరు అనేసింది, నా చేతిలో లేదు. రెండోదీ అంతే." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మూడోది మీరు అందించలేదు."

"అందించాను."

"లేదక్కా. నేను మీ వైపు చూశాను, మీరేం అందిస్తారా అని. మీరు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. ఎంత భయపడ్డారో. నాకేమీ వినపడలేదు."

నాకు గుర్తొచ్చింది. వేళ్లకి తగిలిన నా ఊపిరి గుర్తొచ్చింది. ఆ వాక్యం నా తలలో ఎంత గట్టిగా మోగిందంటే, నోట్లోంచి వచ్చిందనే అనుకున్నాను.

"మరి నీకెలా తెలుసు ఆ మాట?"

"మీ నాలుగు పేజీలూ నేను చదివాను. ఆ మూడు వాక్యాలూ కొట్టేసింది నేనే. చదవకుండా ఎవరైనా ఎలా కొట్టేస్తారు?" అన్నాడు. "మీరు ఆపేశారు కదా, నేనూ అక్కడితో ఆపేసి ఉండొచ్చు. వెనక్కి తిప్పుకోడానికి రెండు క్షణాలు టైముంది. అన్నాను. తెలిసే అన్నాను."

కాగితం నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టాడు. "తప్పుడు కాగితం మంత్రివర్గంలో ఎలా పెడతాను?"

వెళ్లేటప్పుడు వింగు దాకా వెళ్లి నా స్టూలు చూశాడు. కూర్చోలేదు. "ఇంత దగ్గరగా ఉండేదా ఇది" అన్నాడు. అప్పుడతను మంత్రిలా లేడు, బంటులానూ లేడు. నలభై ఆరేళ్ల మనిషి, అంతే. ఎల్లుండి ఏం జరుగుతుందో అతనికి తెలుసు. నాకూ తెలుసు. ఇద్దరం దాని గురించి మాట్లాడలేదు.

జూలై 9

పేపర్లో రెండు వార్తలూ ఒకే పేజీలో వచ్చాయి. నాటకశాలని యథాతథంగా కొనసాగిస్తారు, బృందానికి సాయం ఇంకో ఐదేళ్లు. దాని కింద, నాలుగు వాక్యాల్లో, మంత్రుల శాఖల మార్పు. బల్లెంని గిడ్డంగుల శాఖకి పంపించారు.

నాటకశాలలో లైట్ల అతను పట్టపగలు ఉన్న లైట్లన్నీ వేసేశాడు. గురువుగారు వద్దనలేదు. కొత్తమ్మాయి గెంతింది. దర్జీ వదిన ఏడుస్తూ అందరినీ తిట్టింది. నేను రెండో వార్త చదువుకుంటూ కూర్చున్నాను. సంతోషం లేదని కాదు. చాలా ఉంది. అది వచ్చిన దారి తలుచుకుంటే ఆ లైట్ల వైపు చూడలేకపోయాను.

ఇంటికొచ్చాక అక్కయ్య, "అతనికి ఫోన్ చేసి ఒక మాట చెప్పవే" అంది.

"ఏమని?"

"అదీ నేనే చెప్పాలా? అందించేదానివి నువ్వు కదా."

చేశాను. అతనే ఎత్తాడు. "అక్కా" అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు.

ఫోన్లో కాళ్లు కనపడవు. ఆగాడో, మాట దొరకలేదో, ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. చెప్పాలని దారంతా కూడబలుక్కున్న మాటలు నాలుక చివర ఉన్నాయి. ఒక్కటి కూడా అనలేదు. అతని ఊపిరి వింటూ కూర్చున్నాను. వీధిలో ఒక బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. అయినా నేను నోరు తెరవలేదు.

"శనివారం ఆటకి ఒక సీటు ఉంచండి" అన్నాడు చివరికి. "ముందు వరుస వద్దు. అక్కడ కూర్చోవాల్సిన మంత్రిగారు వేరే వచ్చారుగా."

ఉంచుతానన్నాను. ఫోన్ పెట్టేశాక వెక్కి వెక్కి ఏడ్చాను. అక్కయ్య ఏమీ అడగకుండా వచ్చి పక్కన కూర్చుంది.